ఎవరూ ఫోన్ చెయ్యకూడని నంబరు

మా ఇంట్లోకి సెల్‌ఫోను వచ్చిన కొత్తలో దానికి ఎవరైనా ఫోన్ చేస్తే మా నాన్నకి కోపం వచ్చేది. పెళ్లిళ్లలో బంధువులు నంబరు అడిగితే, "ఇస్తాను గానీ చెయ్యమాకండి. మరీ అవసరమైతే ఎదురింటికి చెయ్యండి, వాళ్లు కేకేస్తారు" అనేవాడు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. ఆ ఫోను మాట్లాడటానికి కొన్నది కాదు. మా చెల్లికి ఇంటర్నెట్ కోసం కొన్నది. మా చెల్లికి వినపడదు, మాటలు రావు.

మా ఊరు బందరుకి దగ్గర. ఊరి మధ్యగా ఒక కాలువ పోతుంది. కాలువకి ఒక పక్క బజారు, బ్యాంకు, బస్టాండు. రెండో పక్క మా నేత కాలనీ. కాలనీలో చివరి వరుస మాది. ముందు రెండు గదుల పెంకుటిల్లు, వెనక కాలువ గట్టుని ఆనుకుని మగ్గాల పాక. పాకలో రెండు గుంట మగ్గాలు. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దింపి, గట్టు మీద కూర్చుని నేసే మగ్గాలవి. ఒకటి నాన్నది. రెండోది బాబాయిది. ఆయన నేత గిట్టుబాటు కాక బందరులో రోల్డుగోల్డు పనిలో చేరాక అది ఖాళీగా పడి ఉండేది.

చెల్లి నాకంటే నాలుగేళ్లు చిన్నది. పసితనంలో వచ్చిన జ్వరం తగ్గింది గానీ వినికిడి తిరిగి రాలేదు. విజయవాడలో బధిరుల బడిలో వేశారు. అక్కడే హాస్టలు. సెలవులకి ఇంటికి వచ్చినప్పుడల్లా కొత్త సైగలు తెచ్చేది. అవి నాకు నేర్పేది. నేర్చుకోకపోతే జడ పట్టుకుని లాగేది. అమ్మకీ నాన్నకీ మాత్రం ఇంటి సైగలే వచ్చు. అన్నం, నీళ్లు, రా, పో, పడుకో. అంతకు మించి ఏది చెప్పాలన్నా నన్ను పిలిచేవాళ్లు.

పదో తరగతి అయ్యాక ఇంటికి తీసుకొచ్చేశారు. ఆ తర్వాత సంవత్సరాలు ఆమెకి ఎలా గడిచాయో నాకు పూర్తిగా తెలియదు. ఎందుకంటే నేను అప్పటికే విజయవాడ వెళ్లిపోయాను. గవర్నరుపేటలో ఒక డీటీపీ సెంటర్లో పెళ్లికార్డులు, కరపత్రాలు, బట్టల కొట్లకి లేబుళ్లు కంపోజ్ చేసేదాన్ని. శనివారం సాయంత్రం బస్సెక్కి ఊరొచ్చి, ఆదివారం సాయంత్రం వెనక్కి పోయేదాన్ని. శనివారం నేను ఇంట్లో అడుగుపెట్టగానే చెల్లి చెయ్యి పట్టుకుని పాకలోకి లాక్కెళ్లేది. వారమంతా దాచుకున్నవన్నీ చేతులతో చెప్పేది. ఎదురింటి గేదె ఈనింది, నాన్న అంచు తప్పు నేసి విప్పాడు, అమ్మ పిన్ని మీద అలిగింది. చెప్పిచెప్పి అలిసిపోయి నా ఒళ్లో తల పెట్టుకునేది. బడిలో ఉన్నప్పుడు రోజంతా అలా మాట్లాడుకునే పిల్ల అది. ఇప్పుడు వారానికి ఒక్కరోజు.

నెట్ సెంటర్లు వచ్చాక నాకొక ఆలోచన వచ్చింది. ఒక ఆదివారం చెల్లిని బందరు తీసుకెళ్లి నెట్ సెంటర్లో కూర్చోబెట్టాను. ఆమెకి ఒక మెయిల్ ఐడీ పెట్టించాను. ఆమె బడి స్నేహితురాలొకతె విజయవాడలో ప్రింటింగ్ ప్రెస్సులో చేస్తుండేది. ఆమె కూడా నెట్ సెంటరుకి వెళ్తుందని నాకు తెలుసు. ఫలానా వేళకి రమ్మని ముందే చెప్పి ఉంచాను. చాటింగ్ కిటికీలో మొదటి అక్షరాలు పడగానే చెల్లి కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. తప్పులతడక. అయినా ఆ తప్పులన్నీ వాళ్లిద్దరికీ అర్థమయ్యాయి. సెంటరాయన "టైమ్ అయిపోయిందండి" అని మూడుసార్లు చెప్పాక గానీ మేం లేవలేదు.

అలా కొన్ని నెలలు సాగింది. నేను లేని వారాల్లో అమ్మ తోడు వెళ్లేది. బయట బల్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ ఉండేది. చాటింగు లేని వేళల్లో చెల్లి బొమ్మలు గీసే ప్రోగ్రాము తెరిచేది. దాన్ని పెద్దది చేసి చూస్తే చిన్న చిన్న గళ్లు కనిపిస్తాయి. చీర మీద వచ్చే బుటాకి ముందు గ్రాఫు కాగితం మీద గళ్లు నింపుతారు కదా, అచ్చం అలాగే. నాన్న పక్కన కూర్చుని గ్రాఫులు నింపిన చెయ్యి ఆమెది. మామిడి పిందెలు, హంసలు, కలువ మొగ్గలు గళ్లు గళ్లుగా నింపి నాకు మెయిల్ చేసేది. నేను డీటీపీ సెంటర్లో ప్రింట్ తీసి గోడకి అంటించుకునేదాన్ని.

ఒకరోజు బందరు నెట్ సెంటర్లో గొడవ జరిగింది. పక్క కంప్యూటరు దగ్గర కూర్చున్న ఒకతను, చెల్లి అమ్మతో సైగ చేయడం చూసి, తన స్నేహితుడికి అదే సైగని వెక్కిరింపుగా చేసి చూపించాడు. చెల్లి లేచి వెళ్లి అతని చొక్కా కాలరు పట్టుకుంది. అతను విదిలించుకుంటే చెంప మీద ఒకటిచ్చింది. జనం మూగారు. కబురు వాళ్లకంటే ముందే కాలువ దాటి మా కాలనీకి చేరింది.

ఆ శనివారం నేను వచ్చేసరికి నాన్న మగ్గం మీదే ఉన్నాడు గానీ నేయడం లేదు.

"ఇంకమీదట అది నెట్టూ గిట్టూ అని గడప దాటద్దు" అన్నాడు.

"తప్పు చేసింది వాడు నాన్నా."

"నేను కాదన్నానా? వాడే తప్పు చేశాడు. రేపు ఇంకోడు చేస్తాడు. ప్రతివాడినీ కొట్టుకుంటా కూర్చుంటదా?"

చెల్లి మా ఇద్దరి పెదాలూ చూస్తూ నిలబడింది. ఏడవలేదు. నా వైపు తిరిగి చేతులతో అంది: సరే, నేను వెళ్లను. అదే ఇంటికి రావాలి.

అది అడగడం కాదు. తేల్చి చెప్పడం.

ఇంటికి ఇంటర్నెట్ రావాలంటే ముందు టెలిఫోను లైను ఉండాలి. అప్పటికి బజారు పక్క ఇళ్లలో చాలామందికి ఉంది. స్తంభాలు కాలువ దగ్గర ఆగిపోయాయి. మా కాలనీలో ఒక్క ఎదురింటికి మాత్రం, వాళ్లు ఎవరినో పట్టుకుని, తాడులాంటి తీగ ఒకటి కాలువ మీదుగా లాగించుకున్నారు. గాలేస్తే అది కూడా పనిచేసేది కాదు. నేను సెలవు పెట్టి చెల్లిని వెంటబెట్టుకుని టెలిఫోను ఆఫీసుకి వెళ్లాను. బల్ల వెనక ఒక పెద్దాయన ఉన్నారు. మర్యాదస్థుడు. కూర్చోమన్నారు.

"ఎవరి పేరు మీదమ్మా?"

"మా నాన్నగారి పేరు మీదండి. వాడేది మా చెల్లి. ఇంటర్నెట్ కోసం."

నేను ఆమెతో చేతులతో మాట్లాడటం ఆయన గమనించారు.

"మాట్లాడలేని పిల్లకి ఫోనెందుకమ్మా?" అన్నారు.

ఆ అనడంలో వెటకారం లేదు. ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే చెల్లి నా మోచెయ్యి పట్టుకుంది. ఆయన పెదాల మీద మాట ఆమె చదివేసింది. బల్ల మీదున్న చిత్తుకాగితం లాక్కుని గబగబా రాసి ఆయన ముందుకి తోసింది. "నేను మాట్లాడను. రాస్తాను. రాయడానికే లైను కావాలి."

ఆయన అది చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత ఉన్నమాట చెప్పారు.

"చూడండమ్మా, మిమ్మల్ని తిప్పించుకోవడం నాకిష్టం లేదు. కాలువ దాటించాలంటే స్తంభాలు వెయ్యాలి, కేబులు రావాలి. మీ పక్క అడిగినవాళ్లు పట్టుమని పదిమంది లేరు. ఎప్పటికవుద్దో నేను చెప్పలేను. ఒకవేళ లైను వచ్చినా మీ ఇల్లు ఎక్స్ఛేంజికి దూరం. నెట్టు సరిగా వస్తుందని మాటివ్వలేను."

బయటికి వచ్చాక చెట్టు కింద నిలబడి ఆయన చెప్పిందంతా చెల్లికి చెప్పాను. ఆమె ఆలోచించి అడిగింది: తీగ లేకుండా వచ్చేది ఏదీ లేదా?

ఉందని నాకు వారం తర్వాత తెలిసింది. బీసెంట్ రోడ్డులో సెల్‌ఫోన్లు అమ్మే ఒక చిన్న కొట్టు యజమాని మా సెంటరుకి విజిటింగ్ కార్డుల కోసం వచ్చాడు. మాటల్లో మాటగా అడిగితే, "ఫోనే మోడెమ్ అవుద్దండీ. కేబులు తగిలిస్తే చాలు, నెట్టు కంప్యూటర్లోకి వచ్చేస్తది" అన్నాడు. మా సెంటరు యజమాని పెదవి విరిచారు.

"అది నత్తనడకమ్మా. ఒక ఫోటో తెరుచుకునేసరికి మనం భోంచేసి రావచ్చు. లైను వచ్చేదాకా ఆగండి."

ఆ తర్వాతి ఆదివారం చెల్లినే విజయవాడ రప్పించాను. కొట్టాయన తన కంప్యూటరుకి ఫోను తగిలించి చూపించాడు. నిజంగానే నత్తనడక. పేజీ పైనుంచి కిందికి ఒక్కో గీతగా దిగుతోంది. నా ఉత్సాహం చచ్చిపోయింది. ఇంత ఖర్చు పెట్టి ఇదా అనిపించింది. చెల్లి మాత్రం స్టూలు మీద నుంచి కదల్లేదు. పేజీ పూర్తయ్యేదాకా కూర్చుని, అప్పుడు నా వైపు తిరిగింది.

వచ్చింది కదా, అంది చేతులతో.

చాలా సేపు పట్టింది కదే, అన్నాను.

ఆగడం నాకు అలవాటే. ఆగినా రాకపోవడమే నాకు వద్దు.

ఆ ఫోనే కొన్నాం. కంప్యూటరు కోసం వెతుక్కోవలసిన పని పడలేదు. మా సెంటర్లో పాతవి మారుస్తున్నారు. అందులో ఒకటి నాకిచ్చేశారు, నత్తనడక అని వెక్కిరించిన ఆయనే.

దాన్ని ఊరికి చేర్చడం ఒక యాత్ర. మానిటరు అప్పట్లో టీవీ అంత ఉండేది. దుప్పటిలో చుట్టి, మూట కట్టి, నేనూ చెల్లీ బందరు బస్సెక్కాం. సీపీయూ నా ఒళ్లో, మానిటరు ఆమె ఒళ్లో.

"టీవీకి లగేజీ టికెట్టు తీస్కోవాలమ్మా" అన్నాడు కండక్టరు.

"టీవీ కాదండీ, కంప్యూటరు."

"అయితే ఇంకా తీస్కోవాలి" అన్నాడు. బస్సులో అందరూ నవ్వారు. పామర్రు దగ్గర గతుకులకి చెల్లి ఆ మానిటర్ని రెండు చేతులతో గట్టిగా కావలించుకుని కూర్చుంది. దిగేసరికి ఆమె చేతులు తిమ్మిరెక్కి వేళ్లు కదపలేకపోయింది. కాసేపు మూగదానిలా నిలబడి, తర్వాత తనే నవ్వేసింది.

తీరా ఇంటికొచ్చి చూస్తే ఇంట్లో సిగ్నల్ లేదు. ముందు గదిలో లేదు, వెనక గదిలో లేదు. వంటింట్లో ఒక్క గీత వచ్చి పోయింది. చెల్లి ఫోను చేత్తో పట్టుకుని, తలెత్తకుండా, ఇల్లంతా తిరిగింది. పెరట్లోకి వెళ్లింది. బావి దగ్గర రెండు గీతలు. అక్కడి నుంచి పాకలోకి నడిచింది. నాన్న నేస్తూ నేస్తూ ఆపి చూస్తున్నాడు. ఖాళీ మగ్గం దగ్గర, కాలువ వైపు గోడ పక్కన, వాసానికి ఆనించి ఫోను పెడితే నాలుగు గీతలు నిలబడ్డాయి. అటు వైపు పొలాలు తప్ప అడ్డమేమీ లేదు. దూరంగా బందరు రోడ్డు మీద టవరు కనిపిస్తుంది.

"ఇక్కడే" అన్నట్టు నేల చూపించింది.

నాన్నకి అర్థమైంది. పోగుని దగ్గరికి కొట్టే పలక మీద నుంచి చేతులు తీసేశాడు.

"గుంట పూడుస్తారా?" అన్నాడు. "నే బతికుండగా మగ్గం గుంట పూడ్చనియ్యను. మా నాన్న తవ్విన గుంట అది. మీ బాబాయి వెళ్లిపోయాడు. రేపు మళ్లీ వస్తే ఎక్కడ కూర్చుంటాడు?"

బాబాయి రాడని ఆయనకీ తెలుసు. కానీ కాలనీలో ఆ రెండేళ్లలో చాలా గుంటలు పూడ్చేశారు. పూడ్చిన ప్రతి ఇంటి ముందూ ఎవరో చనిపోయినట్టు కాసేపు జనం నిలబడేవాళ్లు. ఆ వరుసలో మా ఇల్లు చేరడం ఆయనకి మింగుడుపడలేదు. అమ్మ గుమ్మంలోంచి "పోనీలే, బావి దగ్గర పెట్టుకోండి" అంది. వానొస్తే ఎలాగని ఆమెకీ తెలుసు.

చెల్లి ఇవేవీ పట్టించుకోలేదు. చీర కుచ్చెళ్లు దోపుకుని గుంటలోకి దిగింది. బూజు దులిపింది. తర్వాత నాన్న కూర్చున్నట్టే గట్టు మీద కూర్చుని, కాళ్లు గుంటలోకి దింపింది. చీర పరుచుకుని ఉండవలసిన చోట, ఎదురుగా, రెండు చేతులూ గాలిలో చాపి ఒక బల్ల గీసింది. ఆ బల్ల మీద మానిటరు. ముందు కీబోర్డు. వేళ్లు గాలిలో టకటకలాడించింది. నాన్నని చూసి, తనని చూపించి, ఇంటి సైగల్లోనే అంది: నువ్వు అక్కడ. నేను ఇక్కడ. గుంట ఉంటుంది.

నాన్న భుజం మీద తుండు దులుపుకున్నాడు. లేచి బయటికి వెళ్లాడు. కోపంతో వెళ్లాడనుకున్నాం. వడ్రంగి దగ్గర నుంచి రెండు చెక్కలు భుజాన పెట్టుకుని వచ్చాడు. ఖాళీ మగ్గం తాళ్లు తనే విప్పాడు. పలకని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు. పక్క రాటలకి చెక్కలు బిగించి, ఊగుతున్నాయా అని చేత్తో నొక్కి చూశాడు. దూది ధూళి పడకుండా అమ్మ పాత పంచెతో కంప్యూటరుకి ముసుగు కుట్టింది. ఫోనుని చిన్న గుడ్డసంచిలో పెట్టి వాసానికి వేలాడదీశాం. దాన్నుంచి కేబులు కిందికి దిగి కంప్యూటరు వెనక్కి పోయేది.

మర్నాడు మధ్యాహ్నం, కరెంటు ఉన్న వేళ చూసుకుని, మొదటిసారి కలిపాం. ఒకసారి కుదరలేదు. రెండోసారీ కుదరలేదు. ఫోనుని సంచిలో తిప్పి పెట్టాను. మూడోసారి తెర మూలలో రెండు చిన్న కంప్యూటరు బొమ్మలు నీలంగా వెలిగాయి. చెల్లి చాటింగ్ కిటికీ తెరిచింది. ప్రెస్సులో పనిచేసే స్నేహితురాలు అప్పుడు అక్కడ కంప్యూటరు ముందే ఉంది. ఎక్కడి నుంచి, అని అడిగింది. చెల్లి టైప్ చేసింది: మగ్గం గుంటలోంచి.

ఆ రోజు సాయంత్రం నేను విజయవాడ బస్సెక్కుతుంటే చెల్లి బస్టాండుకి రాలేదు. మొదటిసారి అలా జరగడం. నాకు కాస్త చివుక్కుమంది, కాస్త సంతోషమేసింది. మర్నాడు నేను సెంటరుకి వెళ్లేసరికి ఆమె నుంచి మెయిలు వచ్చి ఉంది.

తొందరలోనే ఒక చిక్కు బయటపడింది. ఆ ఫోనుకి ఎవరైనా కాల్ చేస్తే నెట్టు తెగిపోయేది. చెల్లి గంటసేపు ఓపిక పట్టి ఒక బొమ్మ పంపుతుంటుంది. అది ముప్పాతిక వంతు వెళ్లాక మా మేనత్త చల్లపల్లి నుంచి "అందరూ బావున్నారా" అని ఫోన్ చేస్తుంది. అంతే, మళ్లీ మొదటికి. చెల్లికి ఫోను మోగడం వినపడదు. తెర మీద బొమ్మ ఆగిపోతే తెలుస్తుంది. అప్పుడు గట్టు మీద చేత్తో దబదబా కొట్టేది. ఆ చప్పుడుకి నాన్న ఉలిక్కిపడి, అడ్డపోగు నడిపే నాడె వదిలేసి, లేచి వెళ్లి ఫోను తీసి, "ఎవరూ? బావున్నాం, పెట్టెయ్" అనేవాడు. కొన్నాళ్లకి విసుగొచ్చి చుట్టాలందరికీ కబురు పెట్టాడు. ఆ నంబరు మాట్లాడటానికి కాదని. నెట్ సెంటరుకి వద్దన్న మనిషే ఇంటి నెట్టుకి కాపలాదారు అయ్యాడు.

చెల్లి బుటాలు సెంటర్లో నా వెనక గోడ మీద ఉన్నాయని చెప్పాను కదా. వన్‌టౌన్‌లో చీరల హోల్‌సేల్ వ్యాపారం చేసే ఒకాయన లేబుళ్ల కోసం మా సెంటరుకి వచ్చినప్పుడు వాటిని చూశారు.

"ఇవెవరు గీశారండీ?"

"మా చెల్లెలండి."

"ఇలాంటివి పంపిస్తదా? మన నేతగాళ్ల దగ్గర అవే పాత బుటాలు. కొత్తవి ఉంటే నేయిస్తాను."

చెల్లికి మెయిలు చేశాను. ఒక షరతు పెట్టింది. నాకు వినపడదని ఆయనకి చెప్పొద్దు, నేనే చెబుతాను, ఎప్పుడు చెప్పాలో నాకు తెలుసు. ఎందుకని అడిగితే, ముందు బొమ్మ చూడాలి, తర్వాత నన్ను చూడాలి, అని రాసింది.

పని మొదలైంది. ఆయన అడిగేవాడు, ఆమె గీసి పంపేది. కానీ వ్యాపారస్తుడికి మెయిల్లో ఓపిక ఎక్కడిది? ఫోన్ చేసేవాడు. నెట్టు తెగేది. నాన్న ఎత్తి "మెయిల్ చెయ్యండి" అని పెట్టేసేవాడు. చెల్లి కూడా రాసింది, దయచేసి ఫోన్ చేయవద్దని. రెండు నెలలు తిరిగేసరికి ఆయన మా సెంటరుకి వచ్చి బల్ల గుద్దాడు.

"మీ చెల్లెలికి అంత పొగరేంటండీ? నేను ఫోన్ చేస్తే ఎత్తదు. ఎవరో పెద్దాయన ఎత్తి కసిరి పెట్టేస్తాడు. ఎంత బాగా గీస్తే మాత్రం?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "అడుగుతానండి" అన్నాను. ఆ సాయంత్రం చెల్లికి రాశాను. ఇంక ఆగితే పని పోతుందని. జవాబు వెంటనే వచ్చింది: బుధవారం వస్తున్నా.

ఆమెని వన్‌టౌన్‌లో ఆయన కొట్టుకి తీసుకెళ్లాను. సందులోంచి మెట్లెక్కితే తెల్ల పరుపులు పరిచిన గది, గోడలనిండా చీరల కట్టలు. చెల్లి అమ్మ చేత ఇస్త్రీ చేయించుకున్న నేత చీర కట్టుకుని వచ్చింది. ఆయన లేచి నిలబడి, "రండమ్మా, ఇన్నాళ్లకి దర్శనం" అని, వరసగా ఏదో అడుగుతూ పోయాడు. చెల్లి ఆయన మొహం చూస్తూ ఊరుకుంది. తర్వాత చెవి మీద వేలు పెట్టి, అడ్డంగా ఊపింది. నోటి దగ్గర పెట్టి, మళ్లీ ఊపింది.

ఆయన ఆగిపోయాడు. నా వైపు చూశాడు. "అసలు వినపడదా?" అని అడిగాడు. అందరిలాగే తర్వాత గొంతు పెంచాడు. "ఏ-మ్మా! ఇ-న్నా-ళ్లూ..." గుమాస్తా కూడా పని ఆపి చూస్తున్నాడు. చెల్లి పరుపు దాటి ఆయన బల్ల దగ్గరికి వెళ్లింది. అక్కడున్న కంప్యూటరు తెరని కొంచెం తన వైపు తిప్పుకుని టైప్ చేసింది. ఇన్నాళ్లూ పని ఎక్కడైనా ఆగిందా?

ఆయన వంగి చదివాడు. ఒక్కో అక్షరం నొక్కుతూ తనూ టైప్ చేశాడు. లేదు.

అయితే ఇలాగే చేద్దాం.

ఆయన తల గీరుకున్నాడు. నవ్వాడు. గుమాస్తాని పిలిచి, "ఈ అమ్మాయికి ఇంక ఎవరూ ఫోన్ చెయ్యమాకండయ్యా, చెబితే వినరు" అన్నాడు, ఫోన్ చేసింది తానొక్కడే అన్న సంగతి మర్చిపోయి. తర్వాత కొత్తగా నేసి వచ్చిన చీర తీసి ఆమె ముందు పరిచాడు. దాని మీద ఆమె గీసిన కలువ మొగ్గలు. చెల్లి అరచేతితో వాటిని నిమురుతూ చాలాసేపు కూర్చుంది. తెర మీద గళ్లుగా ఉన్నది నూలులో ఎలా ఒదిగిందో వేళ్లతో చూసుకుంటున్నట్టు.

ఆ తర్వాత మూడు నాలుగేళ్లు ఆ పాకే ఆమె ఆఫీసు. ఫోను మారింది, నడక కొంచెం వేగమైంది. ఇంకో రెండు కొట్లకి కూడా గీసింది. నాన్న మగ్గం చప్పుడు ఆమెకి వినపడదు గానీ గట్టు అదురుతుంటే తెలిసేదట. అదురు ఆగితే అన్నం వేళ అయిందని లేచేది.

చివరికి స్తంభాలు కాలువ దాటాయి. బ్రాడ్‌బ్యాండు అని ఊరంతా కాగితాలు పంచారు. కాలనీలో ఇంటింటికీ తీగలు లాగుతున్నారు. నాన్న ఉత్సాహంగా వచ్చాడు.

"ఇంక ఆ సంచీ దింపెయ్యొచ్చు. మనం కూడా పెట్టించేద్దాం. వేగంగా వస్తదంట. ఇంట్లో లైనుంటే మర్యాద కూడాను."

నేనూ అదే మంచిదనుకున్నాను. నిజానికి లెక్క ప్రకారం అదే మంచిది. చెల్లి వద్దంది. అప్పటికి ఆమె ఒక పాత ల్యాప్‌టాప్ కొనుక్కుంది. కొత్తగా డేటా కార్డులు వచ్చాయి. వేలెడంత ఉంటుంది, ల్యాప్‌టాప్ పక్కన గుచ్చితే నెట్టు వస్తుంది. తనకి అది కావాలంది.

"కార్డు కంటే లైనే వేగమే పిచ్చిదానా" అని నేను చేతులు తిప్పాను.

ఆమె నిదానంగా, నాన్నకి కూడా అర్థమయ్యేలా చెప్పింది. లైను ఇంటికి వస్తుంది. ఇంట్లోనే ఉంటుంది. కార్డు నాతో వస్తుంది.

"ఎక్కడికి వస్తది?" అన్నాడు నాన్న.

విజయవాడకి, అంది. ప్రెస్సు స్నేహితురాలూ, ఆమె బడిలోనే చదివిన ఇంకో ఇద్దరూ కలిసి గది తీసుకున్నారు. తను వాళ్లతో ఉంటుంది. కొట్లకి దగ్గర. పని ఎక్కువ వస్తుంది. అన్నీ ముందే మాట్లాడేసుకుంది.

ఇంట్లో వారం రోజులు యుద్ధం నడిచింది. వినపడని పిల్ల, ఒక్కతే, ఊరు కాని ఊరు అని అమ్మ. దొంగ వస్తే ఎలా, గ్యాసు లీకైతే ఎలా అని నాన్న. అక్క అక్కడే ఉంది కదా, అక్కతో ఉండొచ్చు కదా అని ఇద్దరూ. నేనూ అదే అన్నాను. చెల్లి నా చేతులు పట్టుకుని, తర్వాత వదిలి, చెప్పింది: నీతో ఉంటే నువ్వు అందరికీ నా బదులు మాట్లాడతావు. నాకు అలవాటైపోతుంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. విజయవాడ వెళ్లాక రెండు రోజులు ఆమెకి మెయిలు చేయలేదు. మూడో రోజు నేనే నాన్నకి ఎదురింటికి ఫోన్ చేసి, పంపించమని చెప్పాను. "పాక ఖాళీ అయిపోద్ది" అన్నాడు నాన్న. తర్వాత, "సరే, ఆ కార్డేదో మంచిది చూసి కొనిపెట్టు. అక్కడ సిగ్నల్ ఉందో లేదో ముందు నువ్వెళ్లి చూడు" అన్నాడు.

సత్యనారాయణపురంలో మేడ మీద గది. నాన్న ట్రంకుపెట్టె మోసుకుని మెట్లెక్కాడు. గది చూశాడు, గడియ చూశాడు, గ్యాసు పొయ్యి గొట్టం వంగి మరీ చూశాడు. ఇంటివాళ్లతో మాట్లాడి, మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోయాడు. నేను సాయం చేద్దామని ఉండిపోయాను.

చెల్లి ముందు పెట్టె విప్పలేదు. ల్యాప్‌టాప్ తీసి కార్డు గుచ్చి గదంతా తిరిగింది. వీధి వైపు కిటికీ దగ్గర పచ్చదీపం నిలకడగా వెలిగింది. బల్ల అక్కడికి లాగారు. స్నేహితురాలు తన కంప్యూటరుకీ చెల్లి ల్యాప్‌టాప్‌కీ మధ్య ఒక కేబులు కలిపి, ఏవో నొక్కి, ఒకే కార్డు మీద రెండింట్లోనూ నెట్టు వచ్చేలా చేసింది. ఇద్దరూ ఒకరి తెర ఒకరు చూసుకున్నారు. ఇక చేతులు లేచాయి.

అంత వేగంగా చెల్లి చేతులు కదలడం నేనెప్పుడూ చూడలేదు. నాతో మాట్లాడేటప్పుడు నాకోసం ఆమె ఎంత నెమ్మదిగా చేసేదో అప్పుడు తెలిసింది. మిగతా ఇద్దరూ కూడా వచ్చి చుట్టూ చేరారు. నాలుగు జతల చేతులు, భుజాలు, కనుబొమ్మలు. ఒకరు చెప్పేలోపు ఇంకొకరు అందుకుంటున్నారు. నాకు అక్కడొక ముక్క ఇక్కడొక ముక్క అందుతోంది. బస్సు, నాన్న, గొట్టం. ఏదో అని అందరూ ఒక్కసారిగా నవ్వారు. చెల్లి నవ్వుకి గొంతు కూడా కలిసింది.

ఏంటి, అని అడిగాను.

చెల్లి కళ్లు తుడుచుకుంటూ నా వైపు చెయ్యి ఊపింది. తర్వాత చెబుతాలే అని. మళ్లీ అటు తిరిగిపోయింది. నేను పెట్టె తెరిచి, ఆమె చీరలు ఒక్కొక్కటే మడతపెట్టి అలమరలో సర్దడం మొదలుపెట్టాను.